ఆమె పెట్టని కెమెరా

స్క్రీన్ మీద ఇంకో కెమెరా ఆరిపోయింది.

మధులత కుర్చీ వెనక్కి తోసి లేచింది.

ముందు పార్కింగ్. తర్వాత కౌంటర్. ఇప్పుడు వంటగది... ఎవరో ఒక్కొక్కటే ఆపుతున్నారు. ఆపుతున్నది ఎవరని సిస్టమ్‌ని అడిగితే ఒకే పేరు చూపిస్తోంది.

మధులత.

ఆమె పేరుతో, ఆమె పాస్‌వర్డ్‌తో ఎవరో లోపలికి దూరారు!

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉంది ఆ బార్. మేడ మీద ఈ చిన్న గది ఆమెది. కెమెరాలు, బిల్లింగ్ మిషన్లు, వైఫై... అన్నీ ఆమె ఒక్కతే చూసుకోవాలి. కింద హాల్లో పాట దద్దరిల్లుతోంది. బయట వాన. ఇప్పుడిప్పుడే చీకటి పడింది.

ఫోన్‌లో వైఫై పేజీ తెరిచింది. దొంగ ఫోన్ ఏ గది వైఫై బాక్స్‌కి తగులుకుందో అది చెబుతుంది.

వంటగది బాక్స్.

దొంగ బిల్డింగ్‌లోనే ఉన్నాడు!

లాగిన్ ఆపేయడం క్షణం పని. కానీ ఆపితే జారుకుంటాడు. మళ్లీ దొరకడు.

ఆమె మెట్ల మీదుగా పరిగెడుతోంది.

సాయంత్రమే దొరికింది ఒక దొంగ కెమెరా. ఫ్యామిలీ క్యాబిన్‌లో, ఫ్యాన్ రెగ్యులేటర్ వెనక. ఆమె పెట్టింది కాదు. కానీ నడుస్తున్నది ఆమె నెట్‌వర్క్ మీదే. వీడియోలు బయటికి పోతున్నది ఆమె లాగిన్‌తోనే.

ఆ వీడియోలు చూపించి బెదిరిస్తున్నారట. పెళ్లి కుదిరిన అబ్బాయితో ఇక్కడికి వచ్చిన ఏన్కూరు అమ్మాయి ఒకతె గడ్డిమందు తాగిందట. ఖమ్మం దవాఖానాలో ఉందట.

ఆ మాట కూడా ఆమెకి ఎవరూ చెప్పలేదు. వంటగది కెమెరాలో వినపడింది.

ఆమెతో ఎవరూ మాట్లాడరు. కెమెరా మేడం. ఆమె వస్తే మాటలు ఆగిపోతాయి. ఎవరు ఏ మూల నిలబడి ఏడ్చారో ఆమెకి తెలుసు. ఎవరు ఎవరి పళ్లెంలో కూర వేశారో తెలుసు. ఆమె మేడ మీద ఒక్కతే తింటుంది. కొత్తగూడెం బొగ్గు బాయిలో పనిచేసిన నాన్న పోయాక ఇంటి నుంచి ఫోన్ రాదు. ఇంట్లో ఎవరూ లేరు మరి.

వంటగది తలుపు నెట్టింది.

పొగ. నూనె వాసన. వంటమనిషి భీమయ్య ఒక్కడే ఉన్నాడు.

"భీమన్నా, ఇప్పుడు ఈడ ఎవరున్నరు?"

అతను మూకుడు మీంచి తల ఎత్తలేదు.

"మీ కెమెరాలల్ల చూస్కోండి మేడం."

ఆమె ఫోన్ చూసింది. బాక్స్ మారింది.

వెనక షెడ్!

వెనక తలుపు. వాన. బురద. చెప్పు ఊడిపోయింది. ఆగలేదు.

ఖాళీ సీసాల షెడ్ చీకటిగా ఉంది. పెట్టెలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. వాటి అవతల అడవే.

లోపల ఎక్కడో సీసా దొర్లింది...

మధులత నేల మీంచి ఒక సీసా అందుకుంది. దాని మెడ గట్టిగా పట్టుకుంది. ఒక్కో అడుగూ వేస్తోంది.

చివరి వరస వెనక నీలం వెలుగు. ఫోన్ వెలుగు.

"కదలకు."

వెలుగు ఆమె వైపు తిరిగింది.

కళావతి!

పోయిన వారమే గిన్నెలు తోమడానికి చేరిన మనిషి. పారిపోవట్లేదు. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని ఏడుస్తోంది.

"మేడం... గీ ఫోన్ల నా బిడ్డ వీడియో యాడున్నది?"

"ఏంది?"

"మేనేజర్ ఫోన్ ఇది. ఛార్జింగ్ వెట్టి బయటికి వోయిండు. తీస్కొచ్చిన. లాక్ తీసే గీత ఎట్ల గీస్తడో రోజూ చూస్తనే ఉన్న. వీడియో దొర్కితే తుడ్సేద్దామని... ఏది నొక్కినా ఏదో ఒకటి ఆరిపోతున్నది. నాకు ఇంగ్లీష్ రాదు."

మధులత చేతిలో సీసా కిందికి జారింది.

"దవాఖానాల ఉన్నది... నీ బిడ్డనా?"

"అవ్. పుష్పలత. దానికోసమే ఈడ పనికి కుదిరిన."

మధులత ఫోన్ తీసుకుంది. తన లాగిన్ తెరిచే ఉంది. మేనేజర్ జయప్రకాశ్... ఎండాకాలంలో బిల్లుల రిపోర్ట్ చూస్తానని అడిగి, ఆమె చేతే పాస్‌వర్డ్ కొట్టించుకున్నాడు. ఈ బార్‌లో 'తిన్నవా' అని ఆమెని అడిగేది అతనొక్కడే.

 

వీడియోల ఫోల్డర్ దొరికింది. మొహాలు... మొహాలు...

"గదే. గదే నా బిడ్డ." కళావతి వేలు స్క్రీన్‌ని తాకింది. "తుడ్సెయ్యి మేడం."

"తుడిస్తే సాక్ష్యం పోతది. వాడు తప్పించుకుంటడు."

"ఉంచితే పోలీసులు చూస్తరు. వకీళ్లు చూస్తరు. నా బిడ్డ మళ్ల బత్కదు."

మధులత వేలు స్క్రీన్ మీద ఆగింది.

"తుడ్వకు మధూ. ఫోన్ ఇటియ్యి."

వెనక నుంచి గొంతు.

జయప్రకాశ్. తడిసిన చొక్కా. చేతిలో పిస్తోలు.

ఆమె పెట్టెలకి ఆనుకుంది. కుడిచేతిలో అతని ఫోన్. ఎడమచేయి వెనక్కి పోయింది. అందులో తన ఫోన్.

చీకట్లో కూడా చూసే షెడ్ కెమెరా ఇంకా నడుస్తోంది. దాన్ని హాల్లోని పెద్ద తెర మీదికి పంపాలి. రోజూ మ్యాచ్‌లు పెట్టేది ఆమే. చూడకుండా నొక్కగలదు.

నొక్కింది.

ఇప్పుడు హాల్లో క్రికెట్ పోయి ఈ షెడ్ కనపడుతూ ఉండాలి. ఎవరో ఒకరు తల ఎత్తాలి. ఎవరో ఒకరు రావాలి.

ఎవరూ రావట్లేదు. పాట మోగుతూనే ఉంది.

"అన్నీ నీ పేరు మీదనే ఉన్నయ్," జయప్రకాశ్ నెమ్మదిగా చెబుతున్నాడు. "పోలీసులు నిన్నే పట్కపోతరు. నీ దిక్కు మాట్లాడెటోళ్లు ఎవరున్నరు చెప్పు?"

నిజమే. ఎవరున్నారు?

"నేనున్న."

కళావతి కొంగుతో మొహం తుడుచుకుంది. వచ్చి మధులతకి అడ్డంగా నిలబడింది.

పిస్తోలు పైకి లేచింది.

అప్పుడే వెనక గేటు దగ్గర కారు లైట్లు... ఓనర్ ప్రేమ్‌సాగర్ గొడుగుతో దిగాడు. అతను ఎప్పుడూ హాల్లోంచి రాడు. నేరుగా షెడ్‌లోకి నడిచాడు.

"ఏంది జయప్రకాశ్ గిది? ఆడోళ్ల మీద తుపాకా? ఇటియ్యి."

జయప్రకాశ్ మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు.

మధులత ఊపిరి వదిలింది.

"సార్, క్యాబిన్‌ల కెమెరా..."

"నాకు తెల్సు."

తెలుసా? సాయంత్రం దొరికిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదే...

జయప్రకాశ్ ఓనర్ వైపు తిరిగాడు. "సార్, మీరు చెప్పినట్టే గదా నేను..."

ఢాం!

జయప్రకాశ్ సీసాల మీద పడ్డాడు. పెట్టెలు కూలాయి. గాజు పగిలిన చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. అతను మళ్లీ కదల్లేదు.

ప్రేమ్‌సాగర్ గొడుగు కూడా కింద పెట్టలేదు.

"వీడు మిమ్మల్ని చంపవోయిండు. నేను అడ్డం వచ్చిన. పోలీసులకు గిట్లనే చెప్పాలె." పిస్తోలు కళావతి వైపు తిప్పాడు. గొడుగు వదిలేసి రెండో చెయ్యి చాపాడు. "ఫోన్."

మధులత వేలు స్క్రీన్ మీద కదిలింది. ఒకే ఒక్క వీడియో. ఒకే ఒక్క నొక్కు.

దానితో ఇక పని లేదు. ఈ హత్య షెడ్ కెమెరాలో పడింది, హాల్లోని తెర మీదికీ పోతోంది. ఇతన్ని పట్టివ్వడానికి పుష్పలత మొహం ఎవరికీ చూపించక్కర్లేదు.

"తుడ్సేసిన అక్కా," అంది కళావతితో.

"ఫోన్ ఇటియ్యమన్న!"

అతని చెయ్యి చాపే ఉంది.

హాల్లో పాట ఆగిపోయింది.