ముందు చుక్క

"రేపు పదకొండింటికి డాక్టర్ కోదండాన్ని చంపేస్తారు" అన్నాడు అప్పలసూరి, చల్లారిన టీ అవతలికి నెడుతూ.

2009. భవానీపూర్‌లో గడియారాల షాపు మీది గది అది. పైకి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, లోపల ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటు.

ఏజెంట్ బైరాగి ఫైలు తిరగేశాడు. కోదండం మిలిటరీ కోడ్‌లు రాసే మనిషి. న్యూ టౌన్‌లో రేపు తెరిచే గేమ్ హాలుకు ముఖ్య అతిథి. అక్కడ లైట్లార్పేసి, పన్నెండుమంది బొమ్మ పిస్టళ్లతో మెరిసే బోర్డుల్ని కొడతారు. ఆ బోర్డుల పక్కనే, ప్లాస్టిక్ తెర వెనక, నెత్తిన మెరిసే టోపీతో అతిథి కూర్చుంటాడు. హాలు యజమాని లోరెంజ్ ఒక విదేశీ ముఠా నాయకుడు.

"పదకొండు ఎయిర్‌సాఫ్ట్, ప్లాస్టిక్ గుళ్లవి. పన్నెండోది అసలుది. ఎవడి చేతికిస్తారో తెలీదు. గురి చూసే సైట్ల మీద చీకట్లో మెరిసే రేడియం చుక్కలు పెట్టడానికి మనిషి కావాలట, నువ్వే వెళ్తున్నావు. అసలుది కనపడగానే ఫోన్ చెయ్, బయట మనవాళ్లుంటారు. లోపల హైమ ఉంది. మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది."

"నమ్మొచ్చా సార్?"

"తెలిస్తే చెప్పనా?"

వేషం గురించి బైరాగికి బెంగలేదు. వాళ్ల నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. చిన్నప్పుడు గీత వంకరపోతే బ్రష్షు తిరగేసి కొడుకు వేళ్ల మీద ఒక్కటిచ్చేవాడు.

మర్నాడు పొద్దున్నే హాల్లో లోరెంజ్ మనుషులు బైరాగిని కిటికీల్లేని స్టోర్‌రూమ్‌లోకి తోసి, ఫోన్ లాక్కుని, బయట తాళం పెట్టారు. ఆట అయ్యేదాకా తియ్యరట. ప్లాను అక్కడే గంగలో కలిసింది. లోపల కాపలా హైమ. ఎర్ర సిల్కు చీర, ఒళ్లో రివాల్వరు.

"బేగి కానీయ్" అంది. "ఏటి, ఇంకా ఎన్నున్నాయి?"

పన్నెండో పిస్టల్ చేతికి రాగానే అసలుది ఇదేనని బైరాగికి తెలిసిపోయింది. బరువు మిగతావాటంతే, గొట్టం కన్నం మాత్రం పెద్దది. తాళం వేసిన తలుపు, ఎదురుగా రివాల్వరు. అరిచినా వినేవాడు లేడు. గోడ అవతల మైకు పరీక్షిస్తున్నారు. ఒక మనిషి ప్రాణానికి తన దగ్గరున్నది నాలుగు వెంట్రుకల బ్రష్షు.

వెనక రెండు చుక్కలు, ముందు ఒకటి. మూడూ వరసకొస్తే గురి కుదిరినట్టు. చీకట్లో కాల్చేవాడికి చుక్కలు తప్ప పిస్టల్ కనపడదు. బైరాగి వెనక రెండింటినీ పై అంచున పెట్టి, ముందు చుక్కను అడుక్కి దించాడు. ఇక వరస కలపాలంటే గొట్టం పైకెత్తక తప్పదు.

హైమ చూసింది. చాలాసేపు చూసింది.

చుక్కలు ఆరాక లోరెంజ్ వచ్చాడు. పన్నెండోదాని కోసమే చెయ్యి చాచాడు. బల్బు వెలుగులో ఆ చుక్క ఎంత దిగజారిందో పసివాడికైనా తెలుస్తుంది.

టప్పున హైమ లైటార్పింది.

"రేడియాన్ని వెలుగులో చూస్తారా ఎవరైనా?" అంది ఇంగ్లీషులో, నవ్వుతూ.

మూడు పచ్చటి చుక్కలు వరసగా నిలిచాయి. "బ్యూటిఫుల్!" అన్నాడు లోరెంజ్. హైమ పిస్టళ్ల ట్రే మీద నల్లగుడ్డ కప్పి అతని వెంట వెళ్లింది. మళ్లీ తాళం పడింది.

ఆమె కాపాడిందా, అమ్మేయడానికి వెళ్లిందా? బైరాగి చెవి గోడకానించాడు. చప్పట్లు. మైకులో స్కోరు అంకెలు. టప్ టప్‌మని ప్లాస్టిక్ గుళ్లు. మధ్యలో ఒక్కటి, ఢామ్మని.

కేకలు, పరుగులు. అతను తలుపు బాదాడు. ఎవరూ తియ్యలేదు. నేలమీద కూలబడి, "సచ్చిపోయుంటాడు" అనుకున్నాడు పైకే.

పది నిమిషాలకు తాళం తీసింది అప్పలసూరి. పక్కన హైమ. వెనక లోరెంజ్, కాల్చినవాడు, ఇద్దరికీ బేడీలు.

"టోపీకి జానెడు పైన గోడకు కన్నం పడింది" అన్నాడు అప్పలసూరి. "ఆ టోపీ తిరిగివ్వనంటున్నాడు కోదండం. శభాష్!"

బైరాగి హైమ వంక చూశాడు. "లైటెందుకార్పీసినావు?"

"మా అయ్య లిలువాలో పెయింటరు. అంత వంకర పని కావాలని తప్ప ఎవుడూ సెయ్యడు."

ముప్ఫై ఏళ్ల జీవితంలో వంకర గీతకు తొలి మెప్పు. నాన్నకు చెబుదామంటే, అఫీషియల్ సీక్రెట్.