కజెహారా వంశంలో మూడో ఇల్లు

గురువారం మధ్యాహ్నం స్వర్ణ మెట్లెక్కి వచ్చేసరికి ఆమె చేతులకు ఇంకా పనిలో వేసుకునే రబ్బరు తొడుగులు ఉన్నాయి. తీసేయాలన్న ధ్యాస కూడా లేదు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది, మళ్ళీ లేచింది.

ఆ గల్ఫ్ నగరంలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో, దర్జీ షాపు పైన ఆ చిన్న గది నిత్యానందానిది. కాకినాడ మనిషి. ఇరవై ఏళ్ళు బీమా కంపెనీలో నష్టాల విచారణ చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఎవరికి ఏ కష్టమొచ్చినా విచారించి పెడతాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు నోటుపుస్తకంలో ఎక్కించడం ఫెబి పని. ఇంటర్ సగంలోనే చదువు ఆగిపోయిన ఫెబికి ఆయన బుర్రంటే ఒక అద్భుతం. కానీ ఆ పూట ఆమె మనసంతా మెసైమీర్‌లో తన ఇంటి దగ్గర, పక్కింటావిడ ఒళ్ళో ఉంది. అక్కడ వదిలొచ్చిన తన పాప మోనికాకి పళ్ళొస్తున్నాయి, పొద్దుటి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది.

స్వర్ణ జగిత్యాల పక్క పల్లెటూరిది. అల్ ముంతజాలో ఖదీజా అనే పెద్దావిడ విల్లాలో పని. ఖదీజాకి పాత జపాను వస్తువులంటే ప్రాణం. ఆమె దగ్గర కజెహారా అనే సమురాయ్ వంశం చరిత్ర రాసిన కాగితపు చుట్ట ఒకటుంది. అందులో ఒక ముక్క మాయమైంది. స్వర్ణ బకెట్లో గుడ్డల మీద దాని అంచు దొరికింది. తడిగుడ్డ తగిలించి పాడుచేసి, భయపడి చింపి దాచిందని అందరూ అంటున్నారు. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజులోపు నిజం చెప్పకపోతే పోలీసు కేసు.

"ఆ పెట్టె అద్దం మీదికెల్లే తుడుస్త సార్. తాళం తియ్యనే తియ్య," అంది స్వర్ణ. "రేపు పొద్దుగాల నా ఫ్లైటు. కేసైతే పోనియ్యరంట. నా బిడ్డెను తొమ్మిది నెలలప్పుడు మా అవ్వకిచ్చి వచ్చిన. ఇప్పుడు దానికి మూడేండ్లు. ఫోన్ల చూసి అక్కా అంటది నన్ను."

ఫెబి కలం ఆగిపోయింది. నిత్యానందం అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

విల్లాలో ఆ గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఒక మూల ఇనుప శిరస్త్రాణం. దాని నుదుటి మీద మూడు మల్బరీ ఆకుల గుర్తు. గోడ పొడవునా అద్దాల పెట్టెలో చుట్టను పూర్తిగా పరిచారు. వారం కిందటి వరకూ అది పెట్టెలో చుట్టే ఉండేదట. రేపు అతిథులొస్తారని మొదటిసారి విప్పి పరిచారు.

ఖదీజా కోపంగానే ఉన్నా కథ చెప్పబోయేసరికి గొంతు మెత్తబడింది. అద్దం మీద వేలు కుడి చివర పెట్టి, మెల్లగా ఎడమకి జరుపుతూ చెప్పింది. మొదట మూలపురుషుడి ఇల్లు. తర్వాత చిన్న కొడుకులు వేరే కోటలకు వెళ్ళి పెట్టుకున్న ఇళ్ళు ఆరు. అందరిదీ ఒకటే గుర్తు, కానీ ప్రతి ఇల్లూ ఆకు ఈనెల్లో చిన్న తేడా చేసుకుంది. యుద్ధంలో మన వంశమే అని దూరం నుంచి తెలియాలి, మన ఇల్లేనా అని దగ్గర నుంచి తెలియాలి. ఒక్కో భాగానికి ఒక్కో ఇల్లు.

"మా తానా అంతే," అని స్వర్ణ ఫెబి చెవిలో గొణిగింది. "ఇంటిపేరు ఒకటే. పెద్దోల్లు, నడిపోల్లు, చిన్నోల్లు."

ఫెబి లెక్కపెట్టింది. ఏడు భాగాలుండాల్సిన చోట ఆరున్నాయి, మధ్యలో ఖాళీ. "మూడోది లేదు అంకుల్," అంది. ఆయన ఆమెకేసి చూసి మీసంలో నవ్వుకున్నాడు. ఎందుకో చెప్పలేదు.

ఖాళీ అంచుల్ని ఆయన భూతద్దంతో చూశాడు. బకెట్లో దొరికిన అంచు కూడా తెప్పించుకున్నాడు. వేలెడు ముక్క, గీత గీసినట్టు తెగింది. సిరా చెదరలేదు, కాగితం ఎక్కడా ఉబ్బలేదు. ఫెబి చేత అదీ రాయించాడు.

ఆ ఇంట్లో మరో ఇద్దరున్నారు. ఒకాయన హమీదుద్దీన్, హైదరాబాదు పాతబస్తీ మనిషి, పాత ఆయుధాలు బాగుచేస్తాడు. అతని పనిముట్ల సంచిలో రకరకాల కత్తులున్నాయి. రెండో మనిషి సెక్రటరీ ఎడ్వర్డ్, భీమవరం నుంచి వచ్చినవాడు. పదకొండేళ్ళుగా ఖదీజా కాగితాలన్నీ చూస్తున్నాడు. ఫెబికి ఆయన చర్చిలో పెద్ద. మోనికా పుట్టినప్పుడు ఆసుపత్రికి తన కారులోనే తీసుకెళ్ళాడు. అందుకే ఆయన్ని ప్రశ్నలడుగుతుంటే ఆమె తల వంచుకుని రాసుకుంది.

"పెట్టె తాళం ఎక్కడుంటుంది?"

"ఆఫీసు తలుపు వెనక మేకుకి. అందరికీ తెలుసు."

ఖదీజా ఇచ్చిన ఉత్తరాన్ని నిత్యానందం చూపించాడు. "శిరస్త్రాణం గురించి జపాను నుంచి, క్యోటో ప్రొఫెసరుగారు రాసిన ఈ ఉత్తరం ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం. మేడమ్ టీ దగ్గర చదివి వినిపించారు. నేనూ హమీద్ భాయీ ఉన్నాం." ఎడ్వర్డ్ కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నాడు. "ఆ పిల్ల తెలియక చేసింది అన్నగారూ. కేసు లేకుండా పంపించేయమని నేనే మేడమ్‌ని అడుగుతున్నాను."

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. శిరస్త్రాణం మూలపు ఇంటిదని మీరంటున్నారు, నాకు మూడో ఇంటిదేమోనని అనుమానం, ఆకు ఈనె ఒక్కటే తేడా, మీ చుట్టలో మూడో భాగం ఫొటో పంపితే తేల్చేస్తాను అని సారాంశం. ముక్క బుధవారం పోయింది.

ఫెబి ఫోను చూసుకుంది. మోనికా పడుకుందని మెసేజ్. కిటికీ బయట ఎండ పచ్చబడుతోంది. స్వర్ణ ప్రతి రెండు నిమిషాలకీ గోడ గడియారం వైపు చూస్తోంది.

నిత్యానందం ఖదీజా దగ్గర ఒక పాత ఫొటో సంపాదించాడు. చుట్ట కొన్నప్పుడు అమ్మినవాళ్ళు తీసింది. ఏడు భాగాలూ ఉన్నాయి, కానీ చిన్నది, ఈనెలు కనిపించవు. దాన్ని నాలుగు కాపీలు తీయించి తలా ఒకటి ఇచ్చాడు. ఉత్తరంలో అన్న మూడో భాగం మీద గీత పెట్టి, ఎవరికీ చూపకుండా ఇవ్వమన్నాడు. కాగితం తీసుకుని స్వర్ణ అటూ ఇటూ తిప్పింది.

"ఏ దిక్కు సంది లెక్కవెట్టాలె సార్?"

"అంతే తల్లీ," అన్నాడు నిత్యానందం. "ఈ ఇంట్లో అడగాల్సిన మాట నువ్వొక్కదానివే అడిగావు."

ఆయన కాగితాల్ని అద్దం మీద పరిచాడు. ఖదీజా కుడి నుంచి మూడోదాని మీద గీసింది. హమీదుద్దీన్ కూడా అదే. ఎడ్వర్డ్ గీత ఎడమ నుంచి మూడోదాని మీద ఉంది, సరిగ్గా పోయిన ముక్క మీద.

"పాతకాలపు జపాను రాత కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. మూలపురుషుడు కుడి చివర ఉన్నాడని ఖదీజాగారు వేలుపెట్టి చూపించారు. అంటే పోయింది అయిదో భాగం. ప్రొఫెసరు అడిగిన మూడో ఇల్లు ఇదిగో, చెక్కుచెదరకుండా ఇక్కడే ఉంది. దొంగకి కావలసింది అదే, కానీ తప్పు వైపు నుంచి లెక్కపెట్టాడు. అరబ్బీ చదివే ఖదీజాగారు, ఉర్దూ చదివే హమీద్ భాయ్ కుడి నుంచే మొదలెడతారు. మనం తెలుగూ ఇంగ్లీషూ చదివినవాళ్ళం, చెయ్యి దానంతటదే ఎడమకి పోతుంది. ఫెబీ, ఇందాక మూడోది లేదన్నావు చూడు, నువ్వూ దొంగవే అయ్యేదానివి, ఉత్తరం వినలేదు కాబట్టి బతికావు."

ఎవరూ నవ్వలేదు.

"స్వర్ణకి ఇంగ్లీషు రాదు, ఉత్తరం సంగతే తెలియదు. తడిగుడ్డ తగిలితే సిరా చెదురుతుంది, ఇది పొడిగా బ్లేడుతో కోసింది. అంచు మాత్రం ఆమె గుడ్డలు ఆరాక ఎవరో పెట్టారు. దొంగ ఈనెలు సరిచూసుకునే తీరిక కూడా లేకుండా హడావిడిగా కోశాడు. శిరస్త్రాణం మూలపు ఇంటిదని కొనేటప్పుడు రాసిచ్చింది ఎవరు ఎడ్వర్డ్‌గారూ?"

ఎడ్వర్డ్ కర్చీఫ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆఫీసులోకి వెళ్ళి తన బైబిలు తెచ్చాడు. ముక్క అందులో, మడత పడకుండా ఉంది.

"నేనే రాసిచ్చాను. రేపు అతిథుల ముందు మేడమ్ ఆ మాటే చెప్పబోతున్నారు. తప్పని తేలితే నా వీసా ఏమవుతుందో అని..." ముక్కని తీసి అద్దం మీద పెట్టాడు. "చింపేద్దామనుకున్నాను. చేయి రాలేదు. పేర్లు కదా. మా నాన్న ఈ మొదటి పేజీలో మా అందరి పేర్లూ ఇలాగే రాశాడు."

"మరి ఆ పిల్ల పేరు?" అంది ఫెబి. ఆయనతో అలా మాట్లాడతానని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఎడ్వర్డ్ బైబిలు మూసేశాడు.

ఖదీజా వెంటనే క్యోటోకి ఫోను కలిపింది. కెమెరా మూడో భాగం మీద పెట్టింది. ఆ ముసలి ప్రొఫెసరు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. శిరస్త్రాణం మూడో ఇంటిదే. కానీ పక్కనే ఇంకొక వరుస ఉంది. మూలపు కోట తగలబడినప్పుడు అక్కడి పసివాణ్ణి మూడో ఇంటి ఇల్లాలు దాచి, తన పిల్లలతో పాటు పెంచింది. ఆ బిడ్డ వల్లే వంశం నిలిచింది. మూలపు ఇంటి దానికన్నా ఈ శిరస్త్రాణమే అపురూపం అన్నాడాయన.

ఖదీజా ఎడ్వర్డ్ వైపు తిరిగి, తప్పయిందని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది అంది. అతని సంగతి ఆదివారం మాట్లాడతానంది. తర్వాత తనే వెళ్ళి స్వర్ణ పాస్‌పోర్టు, టికెట్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

మగ్రిబ్ బాంగు వినిపిస్తుండగా ముగ్గురూ బయటికొచ్చారు. స్వర్ణ అప్పుడు తొడుగులు విప్పింది. ఆ ఫోనులో ముసలాయన ఏం చెప్పిండని అడిగితే, ఫెబి కథంతా చెప్పింది.

"పిల్లగాన్ని సాదిన ఆమె పేరు రాసిన్రా అక్కా?"

"రాయలేదు. మూడో ఇంటి ఇల్లాలు అని మాత్రమే ఉందట."

"గట్లనే ఉంటది." స్వర్ణ తొడుగుల్ని మడిచి సంచిలో పెట్టుకుంది. "నా బిడ్డె రేపు నన్ను గుర్తువడ్తదో లేదో. మా అవ్వ సంకదిగదు."

టాక్సీలో నిత్యానందం కళ్ళు మూసుకుని కేసు ముగింపు చెబుతుంటే ఫెబి రాసుకుంది. రాయడం అయిపోయాక కలం మూయబోయి, డోరు పక్క కూర్చున్న స్వర్ణని తట్టింది.

"నీ పాపని పెంచుతున్న మీ అమ్మ పేరేంటి?"

"భూమవ్వ. ఎందుకక్కా?"

ఫెబి పేజీ అడుగున, ఆ కేసులో అందరి పేర్ల కిందా, ఆ పేరు కూడా రాసింది.