ఇద్దరూ ఒక్కచోటే

ఆ పొద్దున సుల్తానా బేగం మామిడికాయ తొక్కు పచ్చడిని రెండు డబ్బాల్లోకి సర్దుతోంది. ఒకటి కూతురు హుమేరాకు, ఇంకొకటి పక్కింటి పద్మలత కూతురు కావ్యకు. ఇద్దరు పిల్లలూ చిన్నప్పటి నుంచీ కలిసి చదివారు. ఇప్పుడు జర్మనీలో మాగ్డెబర్గ్ అనే ఊళ్లో ఎమ్మెస్ చేస్తున్నారు. సుబేదారిలో ఉండే తెలిసినాయన రాజేశ్వర్ రావు గారి కోడలు ఎల్లుండి ఆ ఊరికే వెళ్తోంది. తొక్కు తీసుకెళ్తానని తనే మాటిచ్చింది.

డబ్బా మూత బిగిస్తుండగా ఆ అమ్మాయే ఫోన్ చేసింది.

"ఆంటీ, రెండు డబ్బాలూ ఒకే ఇంట్లో ఇవ్వాల్నా, వేరే వేరేనా? కావ్యను అడిగితే హుమేరా అడ్రస్ తనకు తెల్వదంటాంది."

"తెల్వకపోవుడేంది బిడ్డా? ఇద్దరూ ఒక్కచోటే ఉంటరు గదా!"

"లేదంట ఆంటీ. వచ్చిన కొత్తలనే వేరైపోయిన్రంట. మీకు తెల్వదా?"

సుల్తానా ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేసింది. నూనె చేతులతో అలాగే కూర్చుండిపోయింది.

హుమేరాకు సీటొచ్చినప్పుడు ఆమె తండ్రి మీరా సాహెబ్ ససేమిరా ఒప్పుకోలేదు. కొత్తవాడలో ఇంటి ముందు గదిలోనే ఆయనకు మోటర్ల వైండింగ్ షాపు. తెలియని దేశంలో ఆడపిల్ల ఒక్కతే ఎలా ఉంటుందని ఆయన భయం. సుల్తానా ఎంత చెప్పినా వినని మనిషిని పద్మలత ఒప్పించింది. ఈ వరండాలోనే కూర్చుని, "ఒక్కతెట్లయితదన్నా? నా బిడ్డ లేదా? ఇద్దరూ ఒక్కచోటే ఉంటరు, ఒక్క కుండలనే తింటరు. జిమ్మేదారి నాది" అంది. ఆమె పూచీ పడ్డ ఆ ఒక్క మాట మీదే హుమేరా విమానమెక్కింది.

సుల్తానా చేతులు కడుక్కుని కూతురికి వీడియో కాల్ చేసింది. అక్కడింకా తెల్లవారలేదు. అయినా హుమేరా వెంటనే ఎత్తింది. తలకు తెల్లటోపీ, వెనక ట్రేల నిండా రొట్టెలు.

"ఏంది అమ్మీ, ఇంత పొద్దుగాల? అంతా ఖైరియతేనా?"

"ఎక్కడున్నవ్ బిడ్డా?"

"బేకరీల. క్లాసుకు ముందు జరసేపు పని చేస్తాన."

"కావ్య ఏది?"

"రూముల పండుకున్నది."

"పండుకున్నది నువ్వు చూసినవా?"

హుమేరా ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఫోన్ పట్టుకుని వెనక తలుపు తీసుకుని బయటి చీకట్లోకి వచ్చి జరిగిందంతా చెప్పింది.

వెళ్లిన కొత్తలో ఇద్దరూ ఒక చిన్న లాడ్జిలో దిగారు. ఎక్కడ అడిగినా ఇల్లు దొరకలేదు. ఇంటి చిరునామా నమోదు చేయించుకోకపోతే అక్కడ ఏ పనీ ముందుకు సాగదు. చివరికి మన తెలుగు పిల్లలే ఉండే ఇంట్లో రెండు మంచాలు ఖాళీ ఉన్నాయని తెలిసి సంబరంగా వెళ్లారు. పేర్లు అడిగారు. కావ్యను ఉండమన్నారు. హుమేరాతో మాత్రం, "మా వంటలు మీకు పడవు, ఇబ్బందైతది" అన్నారు. ఆ సాయంత్రమే కావ్య పెట్టె తీసుకుని వాళ్లింటికి వెళ్లిపోయింది. హుమేరా తన క్లాసులోని కెన్యా అమ్మాయి గదిలో కింద పరుపు వేసుకుని పడుకుంది. ఈ మధ్యే హాస్టల్లో గది దొరికింది.

"పద్మ చిన్నమ్మకు తెలుసా?" అని అడిగింది సుల్తానా.

"కావ్య ఆమెనడిగే పోయింది అమ్మీ. నా ముందే ఫోన్ చేసింది. స్పీకరు ఆన్‌ల ఉన్నది." హుమేరా కళ్లు దించుకుంది. "'హుమేరా తెలివిగలది, ఎట్లనో తిప్పలు పడ్తది, ముందు నువ్వైతే చేరు' అన్నది. నువ్వు చిన్నమ్మతోటి లడాయి పెట్టుకోకు అమ్మీ. నేను మంచిగనే ఉన్న."

సుల్తానా కొంగు నెత్తిన సర్దుకుని పక్కింట్లోకి నడిచింది. పద్మలత ఆఫీసుకు తయారై జడ వేసుకుంటోంది.

"రా అక్కా, చాయ్ తాగుతవా?"

"పద్మా, నా బిడ్డ ఎక్కడుంటాంది?"

జడ అల్లుతున్న చేతులు ఆగిపోయాయి. "కావ్యతోనే గదక్కా..."

"మళ్లా చెప్పు. నా మొఖం చూసి చెప్పు."

పద్మలత చూడలేకపోయింది. మంచం అంచున కూలబడి, "వాళ్లు వద్దన్నరక్కా. నేను వద్దనలే" అంది.

"వాళ్లెవరో నాకు తెల్వదు. పేరు వినంగనే తలుపు మూసేటోళ్లు ఈడ గూడ ఉన్నరు. వాళ్లను చూసి చూసి అలవాటైంది. నువ్వు గట్లాంటిదానివి కాదనుకున్న." సుల్తానా ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది. "మొన్న పండుగనాడు నా ఇంట్లనే తిన్నవ్. పిల్లలు ఏం వండుకున్నరోనని నేను బెంగపడ్తే, ఇద్దరూ కలిసి సేమ్యా చేసుకున్నరక్కా అన్నవ్. నా చేతి కూడు తింటనే ఆ అబద్ధం ఎట్లాడినవ్ పద్మా?"

"భయమైందక్కా. ఆయన పోయినంక నాకున్నది అదొక్కతే. ఇల్లు దొరకలేదని అది ఏడుస్తాంటే నాకేం తోచలే. చెప్పాల్నని రోజూ అనుకున్న. చెప్తే నువ్వు మళ్ల నా గడప తొక్కవని..."

"నాకు మాత్రం ఎంతమంది ఉన్నరు? నాక్కూడ అదొక్కతే." సుల్తానా కళ్లు తుడుచుకుంది. "రెండు మంచాలున్నయంట. ఇద్దరినీ తీసుకుంటెనే వస్త అని ఒక్కమాట అనమంటే ఏం పోయేది? అప్పుడు గూడ వాళ్లు వద్దంటే ఇద్దరూ కలిసే వెతుక్కుందురు. జిమ్మేదారి నాది అన్నవ్ గద."

పద్మలత సగం అల్లిన జడ అలాగే వదిలేసి ముఖం చేతుల్లో దాచుకుంది.

సుల్తానా బయటికొచ్చేసరికి మీరా సాహెబ్ ప్రహరీ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో రాగితీగ చుట్ట అలాగే ఉంది. అన్నీ విన్నాడని ఆయన ముఖమే చెప్పింది.

"ఫోనియ్యి."

"దాన్ని వాపస్ రమ్మనకుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

ఆయన ఫోన్ తీసుకుని కూతురికి కలిపాడు. హుమేరా ఎత్తగానే, "బిడ్డా, ఇంటికొస్తవా?" అని అడిగాడు. కోపం లేదు ఆ గొంతులో. అడిగాడంతే.

"రాను అబ్బా. మొదట్ల ట్రాము ఎక్కాల్నంటే గూడ భయమేసేది. ఒకసారి తప్పు ట్రాము ఎక్కి ఊరి చివరల దిగిన. దారి తెల్వక అక్కడ్నే కూసొని ఏడ్చిన. ఇప్పుడు కొత్తగ వచ్చినోళ్లకు నేనే దారి చూపిస్తాన. నాకు రూమున్నది. తలుపు మీద నా పేరున్నది."

"మరి మాకెందుకు చెప్పలే?"

"కావ్య లేదని తెలిస్తే ఆ రోజే రమ్మంటరని. మీరు పంపింది నన్ను కాదు గదా అబ్బా. కావ్య పక్కనున్న హుమేరాను పంపిన్రు."

మీరా సాహెబ్ మెట్టు మీద కూర్చున్నాడు. కూతురి ముందు ఏనాడూ కంటతడి పెట్టని మనిషి తల పక్కకు తిప్పుకున్నాడు.

"తప్పు నాదే బిడ్డా," అన్నాడు మెల్లగా. "నిన్ను నమ్మి పంపాల్సింది. పక్కింటోళ్ల మాట నమ్మి పంపిన. ఇంకెప్పుడూ నాకు భయపడి ఏదీ దాచకు. నువ్వు రమ్మన్నప్పుడే మేం వస్తం, నీకు రాబుద్ధైనప్పుడే నువ్వు రా."

సాయంత్రం కావ్య ఫోన్ చేసింది. "పెద్దమ్మా" అన్న మాట తప్ప ఏడుపులో ఇంకేమీ వినపడలేదు.

"నాతోటి ఏడ్వకు," అంది సుల్తానా. "నాకు చేసింది మీ అమ్మ. నువ్వు చేసింది హుమేరాకు. ఇద్దరూ ఒక్క ఊళ్లనే ఉన్నరు గదా. పోయి దాంతోనే చెప్పు."

"అడ్రస్ తెల్వదు పెద్దమ్మా."

"ఇన్ని రోజులు అడగలే. ఇప్పుడు అడుగు."

ఆ రోజూ మర్నాడూ రెండిళ్ల మధ్య మాటల్లేవు. పద్మలత ఆఫీసుకు సెలవు పెట్టింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగిన అలికిడి కూడా లేదు. రెండో రోజు సాయంత్రం హుమేరా ఫోన్ చేసింది.

"కావ్య వచ్చింది అమ్మీ. తలుపు దగ్గర నిలబడ్డది. లోపలికి రమ్మనాల్నా వద్దా అని నేను గూడ చానసేపు అట్లనే నిలబడ్డ. బయట చలికి దాని పెదాలు వణుకుతాన్నయి. రమ్మన్న. ఇద్దరం ఏం మాట్లాడుకోలే. అన్నం పెడ్తే ఏడ్చుకుంట తిన్నది."

"మాఫ్ చేసినవా బిడ్డా?"

"ఇంకా తెల్వదమ్మీ. మళ్ల ఆదివారం వస్తనన్నది. రమ్మన్న."

సుల్తానా ప్రహరీ దగ్గరికి నడిచింది. అటువైపు పద్మలత బట్టలు ఆరేస్తోంది. అడుగుల చప్పుడుకు బెదిరినట్టు ఆగింది కానీ తలెత్తలేదు. సుల్తానాకు నిన్నటి మాటలన్నీ మళ్లీ గొంతు దాకా వచ్చాయి. దిగమింగుకుంది.

"పద్మా," అంది. "నీ బిడ్డ నా బిడ్డ ఇంట్ల అన్నం తిన్నదంట."

పద్మలత తడిచీర ముఖానికి అదుముకుని అక్కడే నేలమీద కూర్చుంది. సుల్తానా గోడ దాటి వెళ్లి ఓదార్చలేదు. అలాగని ఇంట్లోకీ వెళ్లిపోలేదు. ఆమె ఏడుపు తగ్గేదాకా గోడ మీద చెయ్యి ఆనించి అక్కడే నిలబడింది.