గ అంటే గబ్బిలం

సోమవారం మధ్యాహ్నం పిల్లలందరూ వెళ్లిపోయాక శివాని చాపలు చుడుతుంటే, గుమ్మంలో ఆరడుగుల మనిషి ఒకడు ప్రత్యక్షమయ్యాడు. చేతిలో జానెడు వెడల్పున క్రికెట్ బ్యాటు. మొహం చూస్తే ఆ బ్యాటుతో ఎవరినో కొట్టడానికే వచ్చినట్టుంది.

"టీచరంటే మీరేనా?"

"నేనే. మీరెవరప్పా?"

"లక్ష్మీప్రియకు మామను. రంగనాథ్. గ్రూపులో మీరేం మెసేజ్ పెట్టినారు? 'ఈ వారం బ్యాట్ వీక్, ప్రతి ఒక్కరూ ఇంట్లో చేసిన బ్యాట్‌తో రావాలి' అని పెట్టినారా, లేదా?"

"పెట్టినా."

"నిన్న ఆదివారమంతా వడ్రంగి దగ్గర కూర్చోని, మామిడి చెక్క కోయించి, నా చేత్తో నేనే చిత్రిక పట్టి చేసినా దీన్ని. చేతికి బొబ్బలు సూడండి! తీరా పాప దీన్ని తీస్కోనొస్తాంటే దోవలోనే పిల్లోళ్లందరూ నవ్వినారంట. ఏడుస్తా ఎనక్కి ఇంటికొచ్చింది. పిల్లల్ని ఏడిపించే బడా ఇది?"

శివాని ఒక్క క్షణం అతన్నీ, బ్యాటునీ మార్చి మార్చి చూసింది. ఆ తరువాత నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. గోడకు చేయి ఆనించి మరీ నవ్వింది.

"బ్యాట్ అంటే గబ్బిలం అప్పా! ఆడ సూడండి."

ఆమె చూపించిన గోడ మీద పెద్ద కాగితం అతికించి ఉంది. అందులో నల్లటి గబ్బిలం ఒకటి తలకిందులుగా వేలాడుతూ దర్జాగా నవ్వుతోంది. దాని కింద 'గ – గబ్బిలం' అని రాసి ఉంది.

రంగనాథ్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఓడిపోవడం అతనికి అలవాటు లేదు. "గబ్బిలాలకు వారోత్సవాలా? మా తోటలో పండంటే పండును కొరికి పారేస్తాండాయి. గ అంటే గణపతి అని పెట్టకూడదా?"

"గణపతి ప్రతి బడిలోనూ ఉండాడు. ఆ గణపతి కింద ఎలుకకు కూడా దండం పెడతాం కదా? గింజలు తినేది ఆ పొద్దు గుర్తుకు రాదా?"

రంగనాథ్ బ్యాటును చంకలో పెట్టుకుని, "సరే, రేపటి హోంవర్క్ ఏందో తెలుగులో చెప్పండి" అన్నాడు.

శివాని ఇంటి బడి అంటే వాళ్ల ముందు గదే. బీఈడీ చదివి, ఊరూరూ తిరిగి ఉద్యోగం దొరకక, రెండేళ్ల కింద బనగానపల్లెలో సొంతింట్లోనే మొదలుపెట్టింది. ఆమె తండ్రి గిడ్డయ్య నాపరాళ్లకు నునుపు పెట్టే పనివాడు. కూతురు బడి పెడతానంటే ఆ గదికి మంచి బండలు ఏరి తెచ్చి పరిచాడు. ఆ బండల మీదే పదకొండు మంది పిల్లలు సుద్దముక్కలతో అక్షరాలు దిద్దుతారు. వారానికొక విషయం. చీమల వారం అయింది, వానల వారం అయింది. తల్లిదండ్రులు రోజుకొక పని ఇంట్లో పిల్లలతో చేయించి ఫోటో పంపాలి. ఎక్కువమంది పంపరు.

రంగనాథ్ పంపాడు. అక్క కర్నూలులో ఉద్యోగం చేస్తుంది కాబట్టి మేనకోడలి పెంపకం అతనిదీ, వాళ్లమ్మ మహాదేవమ్మదీ. మంగళవారం సాక్సుతో చేసిన గబ్బిలం ఫోటో వచ్చింది. కింద, "ఒక కాలికి సాక్సు లేకుండా మార్కెట్‌కు పోయినా. దీనికి బాధ్యులు మీరే" అని రాశాడు.

బుధవారం 'గబ్బిలం తిరిగిన గుర్తులు వెతకండి' అంటే తోటలో సగం కొరికిన మామిడిపండు ఫోటో వచ్చింది. "మీ శిష్యులు చేసిన ఘనకార్యం."

"గింజను యాడో పడేసింటాయి. అది మొలిస్తే నీ పేరు పెడతాలే" అని శివాని జవాబిచ్చింది. పంపాక చూసుకుంటే 'మీ' బదులు 'నీ' అని రాసి ఉంది. దిద్దాలనిపించలేదు.

గురువారం ఎండ మండుతుండగానే వాన దిగింది. ప్రియను తీసుకుపోవడానికి వచ్చిన రంగనాథ్ వసారాలో ఇరుక్కుపోయాడు. చూరు నీళ్లకు భుజం తడుస్తున్నా లోపలికి జరగలేదు. శివాని కాగితం గబ్బిలాన్ని విప్పి చూపిస్తూ, "ఇవి రెక్కలనుకుంటారు గానీ చేతులప్పా. ఇవి వేళ్లు. వేళ్ల మధ్యలో తోలు సాగుతాది, అంతే" అంది.

అతను కాగితం వైపు చూడలేదు. ఆమె వేళ్ల వైపు చూస్తున్నాడు. పట్టుబడ్డాక వాన వైపు తిరిగి, "శానా పెద్ద వాన" అన్నాడు. అప్పటికి వాన వెలిసి ఐదు నిమిషాలైంది.

శుక్రవారం ఇంటి పని ఒక్కటే. నల్ల కాగితంతో పన్నెండు గబ్బిలాలు కత్తిరించి, బట్టల క్లిప్పులతో తలకిందులుగా తగిలించి, లెక్కపెట్టాలి. ఎక్కడ తగిలించాలో శివాని చెప్పలేదు. కొంప మునిగింది అక్కడే.

శనివారం సాయంత్రం ఏడెనిమిది మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని మహాదేవమ్మ వచ్చింది. వీధిలో ఆమె మాటకు తిరుగులేదు. ఎవరింట్లో పెళ్లైనా, పంచాయితీ అయినా మొదటి పిలుపు ఆమెకే.

"ఏమ్మే, గుమ్మానికి గబ్బిలాలు కట్టమని చెప్పింది నువ్వేనా?"

శివానికి అర్థం కాలేదు. మహాదేవమ్మే చెప్పింది. కొడుకు సంబంధానికి ఆ ఉదయం కోయిలకుంట్ల నుంచి పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడటానికి వచ్చారు. గుమ్మానికి పచ్చటి మామిడాకుల తోరణం కట్టారు. తెల్లారే లేచిన లక్ష్మీప్రియ ఆకుకొక గబ్బిలం చొప్పున ఆ తోరణానికి పన్నెండూ తగిలించింది. హడావుడిలో ఇంట్లో ఎవరూ తలెత్తి చూడలేదు. వచ్చినవాళ్లు చూశారు. గడప మీద పెట్టిన కాలు పెట్టినట్టే వెనక్కి తీసి, అపశకునమంటూ కారెక్కి వెళ్లిపోయారు.

పెళ్లి సంబంధం అన్న మాట దగ్గరే శివాని మనసు ఆగిపోయింది. వారమంతా సాక్సుల గురించి, పండ్ల గురించి అన్ని కబుర్లు చెప్పినవాడు ఇది మాత్రం చెప్పలేదు.

"పాప తప్పేం ల్యా అమ్మా. నాదీ తప్పు ల్యా. కాగితం బొమ్మలవి."

"సోమవారానికి ఆ గోడ మీద బొమ్మ తీసేయల్ల. ల్యాకుంటే ఈ బడికి ఒక్క పిల్ల కూడా రాదు. అందరం అనుకునే వచ్చినాం."

వెనకున్న ఆడవాళ్లు తలలూపారు. నాగలక్ష్మమ్మ ఒక్కతే నేల చూపులు చూసింది. ఆమె మనవడు మాటలు రాక ఈ బడికి వచ్చి, ఇక్కడే మొదటి మాట పలికాడు.

శివాని ఆ బొమ్మకు అడ్డంగా నిలబడింది. "తీయనమ్మా. పిల్లోళ్లకు నిజం చెప్పేదానికి పెట్టుకున్న బడి ఇది. భయం నేర్పించేదానికి కాదు."

ఆదివారం రంగనాథ్ వచ్చాడు. "రెండు దినాలు తీసి పెట్టు శివానీ. మా యమ్మ చల్లబడినాక మళ్ల అతికించుకో. ఎవరికీ నష్టం ల్యా."

"నాకుండాది నష్టం. రెండు దినాలు దాస్తే, తప్పు చేసినానని నేనే ఒప్పుకున్నట్టు కాదా? మీ యమ్మకు ఎదురుగా నోరెత్తే ధైర్యం ల్యాక నా నోరు మూయిస్తాండావు. పో అప్పా. ఇంగో ఊరోళ్లు ఇల్లు చూసేదానికి వస్తారు, పోయి తోరణాలు కట్టుకో."

అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు శివాని అన్నం తినలేదు. గిడ్డయ్య కూతుర్ని చూసి, "బడి మూతపడితే పడనీలే పాపా, నువ్వు మాత్రం తల వంచొద్దు" అన్నాడు. అప్పుడు ఏడ్చింది.

సోమవారం తొమ్మిదైంది. శివాని ఎప్పటిలాగే పదకొండు చాపలూ పరిచింది. తొమ్మిదింపావు దాకా ఎవరూ రాలేదు. తొమ్మిదిన్నరకు లక్ష్మీప్రియ వచ్చింది. వెనకే రంగనాథ్ కూడా లోపలికి వచ్చి, ఒక చిన్న చాప మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు.

"ఈడ పెద్దోళ్లకు చోటు ల్యా" అంది శివాని.

"ఇంగా తొమ్మిది చాపలు ఖాళీగానే ఉండాయి కదా. పాఠం మొదలుపెట్టండి."

ప్రియ ఆశగా చూస్తోంది. పాప కోసమైనా పాఠం చెప్పాలి. గబ్బిలం చీకట్లో అరిచి, ఆ అరుపు తిరిగొచ్చే తీరును బట్టి దారి తెలుసుకుంటుందని చెప్పి ఆట మొదలుపెట్టింది. కళ్లకు గంతలు కట్టుకున్నవాళ్లు 'కూ' అనాలి. శివాని 'కూ' అని బదులిస్తే ఆ గొంతును బట్టి వచ్చి పట్టుకోవాలి. ప్రియ ఎగిరి గంతేసి మామ తువ్వాలుతో మామ కళ్లకే గంతలు కట్టింది.

"కూ" అన్నాడు రంగనాథ్, చేతులు చాపి.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మహాదేవమ్మ కనపడింది. కొడుకునూ మనవరాలినీ ఈడ్చుకుపోవడానికే వచ్చినట్టుంది ఆమె వాలకం. శివాని నోరు తెరవబోతే, మాట్లాడొద్దన్నట్టు చేయెత్తింది.

"కూ" అన్నాడు అతను మళ్లీ. జవాబు లేదు. "పలకవా? సరే, పలకొద్దు. విను. నిన్న నేనన్నది తప్పే. మా యమ్మకు ఎదురు చెప్పల్యాక నిన్ను తగ్గమన్నా. సిగ్గుగా ఉండాది నాకు. ఆ సంబంధం సంగతి నీకు చెప్పకపోయింది కూడా భయంతోనే. కోయిలకుంట్లోళ్లు వెనక్కి పోతే ఇంట్లో అందరూ బాధపడినారు. నేను తోటలోకి పోయి ఒక్కణ్ణే నవ్వుకున్నా. ఇంగ ఏ ఊరోళ్లూ వద్దు. నాకు నువ్వు కావాల శివానీ. మా యమ్మకు నేనే చెప్తా."

"చెప్పురా. ఈడనే ఉండా."

రంగనాథ్ తువ్వాలు కిందికి లాగాడు. మొహంలో రక్తం చుక్క లేదు. అయినా వెనక్కి అడుగు వేయలేదు. "విన్నావు కదమ్మా. ఇంగోసారి చెప్పమన్నా చెప్తా."

"గిడ్డయ్య కూతుర్నా?"

"గిడ్డయ్య కూతుర్నే. మన నడింట్లో బండలకు నునుపు పెట్టింది ఆయన చేతులే. వాటి మీదే కూర్చోని అన్నం తింటాండాం."

మహాదేవమ్మ శివాని వైపు తిరిగింది. ఈసారి గొంతు తగ్గింది. "నీకేం తెలుసమ్మే. మా ఆయన పోయే వారం ముందర మా నడింట్లోకి గబ్బిలం దూరింది. నేను కళ్లారా చూసినా. దాన్ని గోడకెక్కించి నవ్వమంటే ఎట్ల నవ్వేది?"

శివాని ఆమె దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. "మీ కష్టం పెద్దదమ్మా. దాన్ని నేను కాదనను. దారి తప్పి దూరింటాది అది, బయటికి పోయేదానికి దోవ వెతుక్కునింటాది. ప్రియకు మీ ఆయన గురించి చెప్పండి, ఎంత మంచోడో చెప్పండి. ఆ భయం మాత్రం ఇయ్యొద్దు."

మహాదేవమ్మ గోడ మీది బొమ్మను చూసింది. "ఆ కాగితం తీసెయ్. ఈ పొద్దే అయ్యవారిని పిలిపించి ముహూర్తం పెట్టిస్తా. పిల్లల్నీ పంపిస్తా."

"మీ కొడుకంటే నాకు ఇష్టమే" అంది శివాని, అతని వైపు చూడకుండా. "కాగితం తీయను."

"తీయదు" అన్నాడు రంగనాథ్.

"నా ఇంటికొచ్చినా ఇట్లే మొండికేస్తావా?"

"తప్పనిపిస్తే ఏస్తా అమ్మా. చాటుగా చేయను, మీ ఎదురుగానే చెప్తా."

మహాదేవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, మెల్లగా ఒక చాప మీద చతికిలబడింది. "ఆయన పోయినాక నా మాటకు ఎదురు చెప్పినోళ్లే ల్యారు. ఇంట్లో పోట్లాట ల్యాక పదేండ్లాయ." ఫోను తీసి నంబరు నొక్కింది.

"ఏమ్మే నాగలక్ష్మమ్మా, బడి ఉండాది, పిల్లోణ్ణి పంపు... గబ్బిలాలా? ఉండాయి, యాడికీ పోలేదు. నా కోడలు కూడా ఈడనే ఉండాది. ఇంగ మీదట నోరు రవ్వంత జాగ్రత్తగా పెట్టుకోని మాట్లాడండి."