చివరి గుటక

ఏప్రిల్ నెల, ఒక మధ్యాహ్నం. స్పెయిన్‌లోని హిహోన్ ఊళ్లో, రేవు పక్క సిద్రా అంగడిలో పోర్చుగల్ ఇంజనీరు ఒకాయన నవ్వుతూ నవ్వుతూ బల్ల మీదికి ఒరిగిపోయాడు. మళ్లీ లేవలేదు.

బల్ల చుట్టూ ఆరుగురు. సీసా ఒకటే, గ్లాసు ఒకటే. ఆ ఊళ్లో సిద్రా అనే ఆపిల్ కల్లు తాగే పద్ధతే అంత, ఒకే గ్లాసు అందరి చేతులూ మారుతుంది. మిగతా అయిదుగురికీ తుమ్ము కూడా రాలేదు. డాక్టర్లు గుండెపోటని రాసి ఫైలు మూశారు.

దోన్ ఫ్రోయ్లాన్ మాత్రం ఆ ఫైలు మళ్లీ తెరిచాడు. ఊరికి ఆయన గొడుగుల కొట్టు ముసలాయన. కొట్టు వెనక గదిలో ఉత్తర తీరపు గూఢచారి విభాగానికి చీఫ్. సెప్టెంబరులో ఒక సోమవారం ఉదయం ఆ కొట్టు మెట్లు ఒలాయా ఎక్కింది.

"నీలం గొడుగు ఉందా?"

"నీలం అయిపోయింది. గాలికి తిరగబడనిది ఒకటుంది."

కోడ్ సరిపోయింది. ఒలాయా లోపలికి వెళ్లింది. ఏడాదిన్నర తరువాత ఇదే ఆమెకు మొదటి మిషన్. కూతుర్ని అత్తగారింట్లో దింపి వచ్చింది. దారిలో రెండుసార్లు ఫోన్ చేసి పిల్ల ఏడుపు ఆపిందో లేదో కనుక్కుంది కూడా.

చీఫ్ సోది లేకుండా విషయంలోకి దిగాడు. సముద్రం అడుగున పరిచిన కేబుళ్లకు దొంగ చెవులు తగిలించి దేశదేశాల రహస్యాలు వింటున్న ముఠా ఒకటుంది. పేరు కోబాల్ట్. ఏప్రిల్‌లో పోయిన పోర్చుగల్ ఇంజనీరు కూడా ఆ చెవుల జాడే వెతికాడు. ఆ చెవులు ఎక్కడున్నాయో నార్వే ప్రొఫెసర్ హాల్వర్ద్ కనిపెట్టాడు. రేపు పన్నెండింటికి ఇక్కడి సదస్సు వేదిక మీద చెప్పబోతున్నాడు. అంతవరకు ఆయన ప్రాణం నిలబెట్టాలి.

"ఆయన వెంట ఎవరున్నారు?" అంది ఒలాయా.

చీఫ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "టెల్మో."

టెల్మో ఆమె మొగుడు. మూడు వారాలుగా మాడ్రిడ్‌లో ట్రైనింగ్ అని చెప్పి వెళ్లినవాడు.

"టెల్మోతో పాటు మిరెల్," అంటూ చీఫ్ ఒక ఫోటో జరిపాడు. కోబాల్ట్ నుంచి తప్పించుకొచ్చి మన పక్షాన చేరిన ఏజెంట్. ఆరు భాషలు వచ్చు. ఫోటోలో ఆమె మెడ చూసి ఒలాయా తన చొక్కా భుజం మీది పాల మరక వైపు చూసుకుంది. "సదస్సు ఆఫీసులో ఇద్దరూ మొగుడూ పెళ్లాల వేషంలో ఉన్నారు. వేషమే తల్లీ, అంతే."

"వేషం వాళ్లది. ఒళ్లు మండేది నాది, చీఫ్."

"ఆ మంటనీ నిన్నూ అతిథుల డెస్క్ దగ్గర కూర్చోబెడుతున్నా. వచ్చినవాళ్లకి కాగితం ఇవ్వడం, కళ్లు తెరుచుకుని ఉండడం. నీ పని అదే."

ఒక ముత్యపు చెవిపోగు ఇచ్చాడు. టెల్మో, మిరెల్ మాట్లాడేదంతా అందులో వినిపిస్తుంది. తిరిగి మాట్లాడే వీలు లేదు. ఒలాయాకు అంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు.

పదింటికల్లా సదస్సు హాల్లో నీలం కోటు, ఎత్తు మడమల చెప్పులు, అరువు నవ్వు తగిలించుకుని కూర్చుంది. ముందు నాలుగు వందల కాగితాల దొంతర. 'మా ఊరికి వచ్చిన అతిథులకు పన్నెండు సూచనలు.' టెల్మో చెప్తూంటే మిరెల్ టైపు చేసిందట.

ఒలాయా చదివింది. 

రెండో సూచన: రెండున్నరకు ముందు భోజనం అడగకండి, అప్పటికింకా బల్లల మీది కుర్చీలు దించుతూ ఉండేవాళ్లు తిడతారు. సరే, అది ఊరందరిదీ. నాలుగో సూచన: సాయంత్రం బీచిలో పదో నంబరు మెట్ల దగ్గర గోడకు ఆనుకుని కూర్చోండి, పగటి ఎండంతా ఆ రాతిలో దాగి ఉంటుంది. ఆ గోడకు ఆనుకునే టెల్మో మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఏడో సూచన: కొండ మీది కాంక్రీటు శిల్పం నడుమ కళ్లు మూసుకుని నిలబడండి, సముద్రం మీ చెవిలో మాట్లాడుతుంది. అక్కడే పెళ్లి మాట అడిగాడు. సముద్రం హోరులో ఆమెకు వినబడక మూడుసార్లు అడిగించుకుంది.

అవన్నీ ఆ ఆరు భాషలదాని పక్కన కూర్చుని చెప్పాడన్నమాట.

ఒక ఇటలీ ఆవిడ వచ్చి ఏడో సూచన బాగుంటుందా అని అడిగింది. గాలెక్కువ, జలుబు చేస్తుందని ఒలాయా చెప్పింది. పదో నంబరు మెట్లు అడిగిన కెనడా జంటకు అక్కడ వాసనగా ఉంటుందంది. చెవిపోగులో మిరెల్ గొంతు తేనెలో ముంచి తీసినట్టు వినిపిస్తోంది. "నీ టై పక్కకి జరిగింది, ఉండు." తరువాత టెల్మో నవ్వు. ఆ నవ్వు ఒలాయాకు తెలుసు. మొహమాటపు నవ్వు అది. అయినా మొహమాటం దేనికట?

ఒంటిగంటన్నరకు ప్రొఫెసర్ హాల్వర్ద్ స్వయంగా డెస్క్ దగ్గరికి వచ్చాడు. కాగితం నిండా పెన్సిల్ గీతలు. రెండున్నర అంటే సరిగ్గా రెండున్నరేనా, అయిదు నిమిషాలు అటూ ఇటూ అయితే తప్పా అని అడిగాడు. రోడ్డు మీద పురుగైనా లేకపోయినా ఎర్రలైటు దగ్గర నిలబడే రకం. ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి మర్యాద అక్షరం పొల్లుపోకుండా పాటిస్తానని గర్వంగా చెప్పి, బెనిగ్నా పెద్దమ్మ సిద్రా అంగడికి బయలుదేరాడు. వెనకాలే టెల్మో, పెళ్లాన్ని చూసీ చూడనట్టు. టెల్మో చేతికి తీగలా చుట్టుకుని మిరెల్. ఆమె ఒలాయా వైపు చూసి చిన్నగా తల వంచింది, పనిమనిషికి వంచినట్టు.

మూడయ్యేసరికి హాలు ఖాళీ. ఒలాయా ఇంకో పనిలేక, తన చోట్లు ఎన్నింటిని అతిథులకు పంచిపెట్టారో లెక్క తేల్చుకుందామని కాగితం మళ్లీ తీసింది. పదోసారో, పన్నెండోసారో. ఈసారి పదకొండో సూచన దగ్గర వేలు ఆగిపోయింది.

'సిద్రా గ్లాసు మీ చేతికి రాగానే చివరి చుక్క వరకు తాగండి. మిగల్చడం ఆతిథ్యానికి అవమానం.'

ఇది టెల్మో చెప్పిన మాట కాదు. ఆ ఊళ్లో ఎవరూ చెప్పరు. ఒక్క గుక్కలో తాగి, అడుగు గుటక మిగిల్చి, పెదవి తగిలిన అంచు మీదుగా నేల మీద పారబోసి గ్లాసు పక్కవాడికివ్వాలి. ఒకరి ఎంగిలి ఒకరికి అంటకుండా పెద్దలు పెట్టిన పద్ధతి. టెల్మో దగ్గు మందు కూడా చివరి గుటక పారబోసే మనిషి. వాళ్ల ఏడాదిన్నర కూతురు పాల గ్లాసు అడుగు నేల మీద బోర్లిస్తే, మా వంశం పిల్ల అని అత్తగారు మురిసిపోతుంది.

టైపు చేసింది మిరెల్. అచ్చయిన కాగితం టెల్మో చూసి ఉండడు. ఉన్న ఊరి గురించి కాగితంలో ఎవరు చదువుతారు?

అప్పుడు ఏప్రిల్ శవం గుర్తుకొచ్చింది. అయిదుగురు ఊరివాళ్లు, ఒక్క పరాయివాడు. విషం సీసాలో లేదు. గ్లాసు అడుగున ఉంది. ఊరివాళ్లు పారబోశారు. అతిథి మర్యాదగా తాగాడు.

చీఫ్‌కు ఫోన్ చేసింది. ఆయన ఓపిగ్గా విన్నాడు, విని నిట్టూర్చాడు.

"నిన్నటిదాకా మిరెల్ మీద ఒక్క మచ్చ లేదు. ఇవాళ నీ కంట్లో పడగానే హంతకురాలైపోయిందా? కళ్లలో నిప్పులు పోసుకుని చూస్తే అన్నీ ఎర్రగానే కనిపిస్తాయమ్మా."

"ఎర్రగా కనిపించబట్టే కాగితం పదిసార్లు చదివాను చీఫ్. మీరు ఒక్కసారైనా చదివారా?"

జవాబు కోసం ఆగలేదు. వేషంలో ఉన్న టెల్మో దగ్గర సొంత ఫోన్ ఉండదు. చెప్పులు చేత్తో పట్టుకుని ఆరు వీధులు పరుగెత్తింది. చెవిపోగులో మిరెల్ అంటోంది, "ఇక ప్రొఫెసర్ గారి వంతు. గ్లాసు ఇలా ఇవ్వండి, పెద్దమ్మకు నేనందిస్తాను."

అంగడిలో రంపపు పొట్టు పరిచిన నేల తడిగా ఉంది. బెనిగ్నా పెద్దమ్మ ఒక చెయ్యి తల మీదికెత్తి, సీసా వంచి, మోకాలి దగ్గర పట్టుకున్న గ్లాసులోకి సన్నని ధార దించుతోంది. గ్లాసు ప్రొఫెసర్ చేతికి వెళ్లింది. ఆయన తల వెనక్కి వాల్చాడు.

అరిస్తే ఆ గోలలో వినపడదు. వినపడినా మిరెల్ జారుకుంటుంది. ఒలాయా ఆలోచించలేదు. పొద్దున్నుంచి దాచుకున్నదంతా అరచేతిలోకి తెచ్చుకుని టెల్మో చెంప మీద ఒక్కటిచ్చింది. టెల్మో వెళ్లి ప్రొఫెసర్ భుజం మీద పడ్డాడు. పెదవి దగ్గర నుంచి ఎగిరిన గ్లాసును ఒలాయా గాల్లోనే అందుకుంది. అడుగున ఒక్క గుటక మిగిలి ఉంది.

"మాడ్రిడ్ బాగుందా?" అని అడిగింది మొగుణ్ణి.

అంగడి మొత్తం గొల్లున నవ్వింది. మిరెల్ కూడా నవ్వింది. పెళ్లాం వచ్చి పట్టుకుంది, అంతే కదా అనుకుంది. అందుకే కదల్లేదు. ఒలాయా గ్లాసు ఆమె పెదవుల దగ్గర పెట్టింది.

"మా ఊరి మర్యాద నువ్వే రాశావుగా అక్కా. చివరి చుక్క దాకా తాగు."

నవ్వు మిరెల్ ముఖం మీద గడ్డకట్టింది. ఒక చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లి పిస్తోలుతో బయటికి వచ్చింది. అంతలో పైనున్న సీసా దిగింది. నలభై ఏళ్లుగా గురి తప్పని చెయ్యి బెనిగ్నా పెద్దమ్మది. మణికట్టు మీద సరిగ్గా పడింది. పిస్తోలు పొట్టులో పడింది.

మిరెల్ ఉంగరం రాయి కింద జిగట మందు దొరికింది. గ్లాసు అందిస్తూ అడుగున వేలు నొక్కితే చాలు, ఎంత ఎత్తు నుంచి ధార పడినా కదలదు. టెల్మో బేడీలు వేశాడు. వెళ్తూ వెళ్తూ మిరెల్ ఒలాయా వైపు తిరిగింది.

"నీకొక మంచిమాట చెప్పనా? ఈ మూడు వారాలూ మీ ఆయన నిద్రలో నీ పేరే కలవరించాడు."

ఒలాయా మనసు ఒక్క క్షణం వెన్నలా కరిగింది. మరుక్షణం టెల్మో వైపు తిరిగింది.

"నువ్వు నిద్రలో ఏమన్నావో అదెలా వింది?"

సోఫా మీద పడుకున్నానని టెల్మో చెప్పబోయాడు. ఆ మాట పూర్తయ్యేలోపే రెండో చెంప కూడా పేలింది.

ఇంటిదారిలో సూచనల సంగతి అడిగింది. ఊళ్లో మంచి చోట్లు చెప్పమంటే తనకు తెలిసినవన్నీ ఆమెతో తిరిగినవే అన్నాడు టెల్మో. వేరేవి ఎక్కడి నుంచి తెచ్చేదని అడిగాడు. ఈసారి ఒలాయాయే అతని చెయ్యి పట్టుకుంది.

మరునాడు పన్నెండింటికి ప్రొఫెసర్ హాల్వర్ద్ ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా మొదలుపెట్టి దొంగ చెవులన్నిటి చిట్టా విప్పాడు. గొడుగుల కొట్టు వెనక గదిలో చీఫ్ ఒలాయా రిపోర్టు తిరగేశాడు.

"మొదటి చెంపదెబ్బ గ్లాసు ఆపడానికని రాశావు. ఒప్పుకున్నా. రెండోది మిరెల్‌కి అనుమానం రాకుండా అన్నావు. అప్పటికే దాని చేతులకి బేడీలున్నాయి కదమ్మా."

ఒలాయా బల్ల మీది రబ్బరు ముద్ర ఆయన ముందుకు జరిపింది.

"అయితే ఆ పేజీ మీద 'అత్యంత రహస్యం' అని ముద్ర కొట్టేయండి, చీఫ్."