తూములో అడిగిన గొంతు

బాన్సువాడ దాటి నస్రుల్లాబాద్ దిక్కు పోతుంటే కాలువ మీద ఒక తూము ఉండేది. కాలువ కొత్తగ వచ్చిన ఏండ్లల్ల, తూముల అడ్డంబడ్డ చెత్త తీయనీకి దిగిన కాశీరాం అనే రైతు అండ్లనే మునిగి చచ్చిపోయిండు. కాలుజారి పడ్డడన్నరు. అప్పటి సంది పొద్దుగూకితే అటు దిక్కు ఎవ్వరూ పోకపోతుండ్రి...

మా మేనత్త సావిత్రమ్మ చెప్పిన ముచ్చట ఇది.

హన్మాండ్లుది కాశీరాం పక్క పొలం. అంతకు ముందేడే పెండ్లాంతో కలిసి క్రైస్తవుల గుడిల జ్ఞానస్నానం తీసుకొని పౌలు అయిండు. ఊరు మాత్రం హన్మాండ్లు అనే పిలిచేది. పాస్కా పండుగకు, అంటే ఈస్టరుకు, గుడి ఫాదరు స్వాములు పక్కూరికి వచ్చిండు. పండుగ ముందు పాపసంకీర్తనం చెయ్యాలె — చేసిన పాపాలు తల్సుకొని, స్వాముల చెవుల ఒక్కొక్కటి చెప్పి, దేవుని క్షమాపణ అడగాలె.

"ఒక్కటి దాచినా, మిగతాయి చెప్పినట్టు గాదు," అని మతబోధ చేసే ఉపదేశి ముందే గట్టిగ చెప్పిండు.

పక్కూరికి తూము కాడికెల్లే తోవ; తప్పక హన్మాండ్లు మునిమాపు బయలెల్లిండు. మర్చిపోవద్దని తోవపొంట పైకే అనుకుంట పోతుండు.

"కల్లు తాగిన... పెండ్లాన్ని కొట్టిన... అబద్ధాలాడిన..."

తూము కాడికొచ్చిండు. కాలువల చుక్క నీళ్లు లేవు.

"ఇంకా?"

ఆగిండు. గాలే అనుకున్నడు.

"చెరుకు దొంగిలించిన," అన్నడు మెల్లగ — ఎందుకన్నడో ఆయనకే తెల్వదు.

"ఇంకా?"

తూముల నుంచే వస్తున్నది. పటపట పండ్లు కొరుక్కుంట అడిగినట్టు... మెడల జపమాల పట్టి గుంజితే దారం తెగింది.

"ఇంకా... చెప్పురా!"

"నేనే!" అని ఒర్రిండు హన్మాండ్లు. "కాశీరామన్న లోపల ఉన్నడని తెలిసే తూము తలుపు ఎత్తిన! నీళ్ల వంతు కాడ నలుగురి ముంగట నన్ను తిట్టిండని... నేనే ఎత్తిన!"

గొంతు ఆగింది.

వెనక అడుగుల సప్పుడు. తిరిగి చూస్తే — కాశీరాం పెండ్లాం లచ్చవ్వ! కట్టెల మోపు కింద పడేసి ఆయన అంగీ పట్టుకున్నది.

"ఇన్న. నడువు చావడికి. పటేల్ ముంగట గిదే మాట చెప్పు."

హన్మాండ్లు విడిపించుకోలే. స్వాముల తోవ ఇడిసి ఆమె వెంట మర్లిండు.

తెల్లారి పోలీసులు కట్టుకపోయిండ్రు. స్వాములు జైలుకే పోయి ఆయన పాపసంకీర్తనం ఇన్నడు. గవన్నీ మా మేనత్త మామూలుగనే చెప్పేది. చావడికి పోయే తోవల జరిగిన ముచ్చట కాడ మాత్రం గొంతు తగ్గించేది...

సగం దూరం పోయినంక హన్మాండ్లు అడిగిండట.

"వదినా, నా మీద అనుమానముంటే ముంగటికొచ్చి అడగకపోతివా? తూముల దాక్కొని భయపెట్టుడెందుకు?"

లచ్చవ్వ నిలబడిపోయింది.

"నేను తూములకు దిగలే. కట్టెలు తీస్కొని గట్టు మీద నుంచి వస్తున్న. నీ తోటి ఎవరో మాట్లాడుతుంటే... ఇని ఆగిన."

అంగీ మీద ఆమె పిడికిలి ఇంకింత బిగిసింది.

"మా ఆయన గొంతు నువ్వు గుర్తుపట్టలేదా?"