గోడ మీద చేప

"సిగ్గుగా లేదండీ మీకు?"

రాగ్న పడవలోంచి తలెత్తి చూసింది. ఒడ్డు మీద ఓ పొడుగాటి కుర్రాడు నిలబడ్డాడు. కొత్త రెయిన్‌కోటు, చంకలో కొత్త గాలం కర్ర. ముక్కు చివర నుంచి వాన నీళ్లు కారుతున్నా రోషం మాత్రం ఏమాత్రం తడవలేదు.

"దేనికండీ సిగ్గు?" అంది రాగ్న, వలలో చిక్కిన చేపని విడిపిస్తూనే.

"దేనికా! బకెట్లకి బకెట్లు పిల్ల చేపల్ని లాగేస్తున్నారు. ఒక్కటీ నా అరచేతంత లేదు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను. ఎవరికి చెప్పాలో తెలియాలి గానీ!"

"ఈ సరస్సు చూసుకునేది రాగ్న అని ఒకావిడ. మహా కోపిష్టి. నంబర్ రాసుకోండి."

ఆమె చెప్పిన నంబర్ అతను శ్రద్ధగా నొక్కాడు. పడవలో, రాగ్న జేబులో ఫోన్ మోగింది. ఆమె చేపల చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని తీసింది.

"హలో, రాగ్ననే మాట్లాడుతున్నాను. చెప్పండి."

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఫోన్ పెట్టెయ్యలేదు.

"నా పేరు ఐవిన్ అండీ. బెర్గెన్ పట్నం నుంచి వచ్చాను. ఇక్కడ ఎవరో పిల్ల చేపల్ని..."

"అవి పిల్లలు కావు బాబూ, ముసలివి. ఒక్కోదానికి ఏడేళ్లు. తిండి చాలక అంతే ఉండిపోయాయి. ఇరవై మందికి ఒక్క గిన్నెడు గంజి పోస్తే ఎవరు ఎదుగుతారు? సగం చేపల్ని తీసేస్తే మిగిలినవి ఎదుగుతాయి."

అతను ఫోన్ దింపి, బకెట్ల వంక, ఆమె వంక చూశాడు.

"ఎన్ని తియ్యాలి?"

"ఏడాదికి నాలుగు వేలు."

"ఎంతమంది తీస్తున్నారు?"

"లెక్కపెట్టుకోండి, ఎదురుగానే ఉన్నాను."

ఐవిన్ గాలం కర్ర గడ్డిలో పడేసి, బూట్లతోనే నీళ్లలోకి దిగాడు. "మా బెర్గెన్ వాళ్లం తప్పు చేసినా ఘనంగా చేస్తాం, ఒప్పుకున్నా ఘనంగా ఒప్పుకుంటాం. కాస్త జరగండి" అన్నాడు.

ఆ లాంగవత్నె సరస్సు ఒడ్డున ఒక పాత కేబిన్ ఉంది. కిలో దాటిన ట్రౌట్ చేప పడితే దాన్ని ఆ కేబిన్ గోడకి ఆనించి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, కింద తేదీ, పట్టిన మనిషి పేరు రాస్తారు. ఒక చేపకి ఒకటే పేరు. అది రాగ్న ముత్తాత పెట్టిన రివాజు. ఆఖరి బొమ్మ కింద ఉన్న పేరు గుడ్రున్, రాగ్న నానమ్మది. అప్పటికి రాగ్న పుట్టనేలేదు.

చేపల గురించి చదువుకుని ఊరికి తిరిగొచ్చిన రాగ్నకి ఆ ఖాళీ గోడ చూస్తే ఒళ్లు మండేది. సరస్సు మీద హక్కున్న ఐదు కుటుంబాలనీ కూర్చోబెట్టింది. నాలుగు వేసవులివ్వండి, కిలో చేప చూపిస్తానంది. నాలుగో ఏడు ఆగస్టులో, అందరూ పిల్లాపాపలతో కొండెక్కి వచ్చే చేపల రోజుకి చూపించలేకపోతే వలలు చుట్టేస్తానని మాటిచ్చింది. అందరూ నవ్వారు. వాళ్లలో ఒకడైన ఆమె తండ్రి ఒడ్వార్ మాత్రం "చూద్దాం" అన్నాడు. కూతురు యూనివర్సిటీలో ఫస్టు వచ్చినప్పుడు కూడా "ఫర్వాలేదు" అని ఊరుకున్న మనిషాయన.

మొదటి వేసవి రాగ్న ఒక్కతే వలలు లాగింది. ఐవిన్ దొరికింది రెండో వేసవిలో.

దొరికాడంటే దొరికాడే. మళ్లీ శనివారం వచ్చాడు. ఆ పై శనివారమూ వచ్చాడు. వారమంతా బెర్గెన్‌లో ఫెర్రీల ఇంజిన్లు బాగుచేసి, శనివారం పొద్దున్నే పడవెక్కి మూడు గంటలు, దిగి కొండెక్కడం రెండు గంటలు.

"ఇంత వానలో ఎందుకొచ్చావ్?" అనేది రాగ్న.

"దీన్ని వానంటావా? మా బెర్గెన్ వాన కాలిగోటికి చాలదు ఇది."

"వానని చూసుకుని కూడా గర్వపడతారా మీరు?"

"ఉన్నదాన్ని చూసుకునే కదా గర్వపడాలి! నువ్వైతే లేని చేపని చూసుకుని తిరగట్లా?"

రాగ్న తెడ్డుతో అతని మీదకి నీళ్లు కొట్టేది. కానీ శుక్రవారం వచ్చిందంటే రెండో మనిషికి కూడా బ్రౌన్ చీజ్ రొట్టెలు చుట్టిపెట్టేది. ఈ సంగతి ఆమె ఒప్పుకోదు, మనమూ అడగొద్దు.

నాలుగో వేసవి చేపల రోజు వచ్చేసింది. మధ్యాహ్నానికి వాన వెలిసింది. ఒడ్డు నిండా జనం, నిప్పు మీద నల్లటి కాఫీ కెటిల్, సాసేజీలు కాల్చుకుంటున్న పిల్లలు. మూడింటికి ఈల వేస్తారు, అంతటితో ఆఖరు. రెండున్నర దాటినా పడ్డవాటిలో పెద్దది ఎనిమిది వందల గ్రాములు. పక్క పొలం క్నూత్ తూకం దగ్గర నిలబడి, "ఇంకో రెండొందలు ఎక్కడ దాచావమ్మాయ్?" అని అందరికీ వినపడేలా అరిచాడు.

రాగ్న పడవ నడుపుతోంది. ఐవిన్ గాలం విసురుతున్నాడు. ఆమె మనసులో ఒకటే ప్రశ్న. రేపు వలలు చుట్టేస్తే ఇక శనివారం బెర్గెన్ పడవలోంచి ఎవరు దిగుతారు? ఆ మాట అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. చుట్టూ తిప్పి ఇంకోటి అడిగింది.

"వలలు ఆపేస్తే శనివారాలు ఏం చేస్తావ్?"

"పడుకుంటా."

"మంచిదే" అని రాగ్న మొహం తిప్పేసుకుంది.

"రాగ్నా..." అని ఐవిన్ ఏదో మొదలుపెట్టాడు. అంతలో గాలం కర్ర నీళ్లలోకి వంగిపోయింది.

"లాగకు! వదులు, వదులు! దాన్ని అలిసిపోనీ!"

"నువ్వు అరవకు, నాకు భయమేస్తోంది!"

"రాళ్ల వైపు పోనివ్వకు ఐవిన్, నీకు దణ్ణం పెడతా!"

పది నిమిషాలు పట్టింది. రాగ్న పడవ అంచు మీదకి ఒరిగి, మోచేతుల దాకా నీళ్లలో పెట్టి, చేతి వలతో దాన్ని పైకెత్తింది. బంగారు రంగు పొట్ట, ఎర్ర చుక్కలు. అంత చేపని ఆ సరస్సులో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఒడ్డుకి చేరేసరికి ఇంకా ఈల వెయ్యలేదు.

క్నూత్ తూకం ముల్లు రెండుసార్లు చూశాడు. టోపీ తీశాడు. "కిలో నూట నలభై" అన్నాడు మెల్లిగా.

పిల్లలు గంతులేశారు. ఒడ్వార్ చెవి వెనకున్న పెన్సిల్ తీసుకుని కేబిన్‌లోకి నడిచాడు. వెనకే అందరూ వెళ్లారు. నానమ్మ చేప పక్కనే కొత్త చేపని ఆనించి, తోక చివర దాకా జాగ్రత్తగా గీశాడు. తేదీ వేశాడు. "పేరు?" అన్నాడు.

"ఐవిన్" అంది రాగ్న.

"రాగ్న" అన్నాడు ఐవిన్.

"పట్టింది నువ్వు! ఇంకొకళ్ల చేప మీద నా పేరు రాయించుకునేంత దిగజారలేదు నేను."

"నేను కర్ర పట్టుకున్నానంతే. దాన్ని పెంచింది నువ్వు. పదహారు వేల చేపలు తీశావ్. ఊరంతా నవ్వినా తీశావ్."

"అందులో పన్నెండు వేలు నాతో కలిసి నువ్వూ తీశావుగా! ఎవరు తియ్యమన్నారు? చేపల మీద అంత ప్రేమా?"

"చేపలా? నాకు చేపలంటే ఇష్టమే లేదు! మూడు వేసవుల నుంచి ప్రతి శనివారం ఐదు గంటలు పడి వస్తున్నది చేప కోసమనుకున్నావా? నీ కోసం!"

బెర్గెన్ వాళ్లు ఒప్పుకున్నా ఘనంగానే ఒప్పుకుంటారన్న సంగతి రాగ్నకి అప్పుడు గుర్తొచ్చింది.

"పడుకుంటానన్నావ్?" అంది చిన్నగా.

"ఇక్కడికొచ్చి పడుకుంటానని చెప్పబోతుంటే ఇది తగులుకుంది. మీ కేబిన్‌లో బల్ల ఖాళీగానే ఉంటుందిగా!"

రాగ్న నవ్వింది. నవ్వుతూనే అతని తడి రెయిన్‌కోటు చెయ్యి గట్టిగా పట్టుకుంది, నలభై మంది చూస్తున్నా వదల్లేదు.

ఒడ్వార్ గోడ వైపు తిరిగి పెద్ద అక్షరాలతో రాశాడు. రాగ్న. దాని పక్కనే ఐవిన్.

"ఒక చేపకి ఒకటే పేరు కదా ఒడ్వార్! రివాజు!" అన్నాడు క్నూత్.

"రివాజు మా తాతది. పెన్సిల్ నాది."

ఆయన ఒక అడుగు వెనక్కి వేసి తన తల్లి చేపనీ, పక్కనున్న కొత్త చేపనీ చూశాడు. "చేప ఫర్వాలేదు" అన్నాడు. తర్వాత రాగ్న వైపు తిరిగాడు. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం కేబిన్ చివర నిలబడ్డవాళ్లకి కూడా వినపడింది. "నా కూతురు మాత్రం చాలా గొప్పది."

రాగ్న వెళ్లి తండ్రి భుజం మీద తల ఆనించింది.

"మరి నేనండీ?" అన్నాడు ఐవిన్, ఆశగా.

ఒడ్వార్ పెన్సిల్ మళ్లీ చెవి వెనక పెట్టుకుని, అతన్ని కింద నుంచి పైదాకా ఓసారి చూశాడు.

"ఫర్వాలేదు" అన్నాడు.